పెన్ను చప్పుడు వినపడే గది

అధ్యక్షస్థానంలో ఉన్న మన ప్రధానోపాధ్యాయురాలు గారికి, ఎండనపడి వచ్చిన పెద్దలకి, ఇన్నేళ్ళు నాతో కలిసి సుద్దపొడి మింగిన తోటి ఉపాధ్యాయులకి, నా చేత తిట్లు తిన్న, తింటున్న, ఈ సాయంత్రంతో ఆ భోగం పోగొట్టుకోబోతున్న పిల్లలందరికీ నమస్కారం. (నవ్వులు) అంత సంతోషం పైకి కనపడనివ్వకండర్రా, కాస్తయినా మొహమాటపడండి.

ఇందాకటి నుంచి నా గురించి ఒకరి తర్వాత ఒకరు చెబుతున్న మంచిమాటలు వింటుంటే, ఈవిడెవరో చాలా గొప్పావిడలా ఉందే, ఒకసారి పరిచయం చేసుకుంటే బావుణ్ణు అనిపించింది. లెక్కల మాస్టారైతే నాకసలు కోపమే రాదన్నారు. ఆయన మొన్న స్టాఫ్ రూములో నా కుర్చీ లాక్కుని కూర్చున్నప్పుడు ఏం జరిగిందో ఆయనకీ, నాకూ, అటెండరుకీ తెలుసు. (నవ్వులు) వీడ్కోలు సభలో అబద్ధాలాడితే తప్పేం లేదు గానీ, సైన్సు చెప్పిన మనిషి ముందు మరీ ఇంతలేసి ఆడకూడదు మాస్టారూ.

ఇక ఈ గడియారం. అందరూ కలిసి ఇచ్చారు, చాలా బాగుంది, మా హాల్లో పెట్టుకుంటాను. కానీ సర్వీసంతా పిల్లలకి ఇంకొంచెం టైమివ్వండి, ఇంకొంచెం టైమివ్వండి అని కనపడ్డవాళ్ళందరితో పోట్లాడిన దానికి, తీరా టైముతో పని లేని రోజు గడియారం ఇస్తారేమిటండీ! (నవ్వులు) ఉండనివ్వండి. తిరిగి ఇచ్చేది మాత్రం లేదు.

నేను సైన్సు టీచర్నని మీకందరికీ తెలుసు. అయితే బజార్లో నన్ను చూసి ఆగి పలకరించే పాత పిల్లల్లో చాలామంది నన్ను గుర్తుపెట్టుకున్నది సైన్సుకి కాదు. కింది అంతస్తులో మెట్ల పక్కనున్న గదికి. ఒకప్పుడు ఆ గదిలో ఆటసామాన్లు పడేసేవారు. ఒకటే కిటికీ, దాని అవతల సైకిళ్ళ షెడ్డు గోడ. నాకు అప్పజెప్పినప్పుడు లోపల గాలిపోయిన బంతుల వాసన ఎంతలా ఉండేదంటే, మొదటి ఏడు పరీక్ష రాసిన పిల్లలు ఇప్పటికీ బంతిని చూస్తే చెమటలు పడతాయంటారు. రెండు బల్లలు, మూడు కుర్చీలు. ఒకటి పరీక్ష రాసే పిల్లకో పిల్లాడికో, ఒకటి రాసిపెట్టేవాళ్ళకి, ఒకటి ప్రశ్నలు చదివిపెట్టే నాకు.

కొత్తగా వచ్చిన టీచర్లున్నారు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. డిస్లెక్సియా ఉన్న పిల్లలకి తెలివి తక్కువేమీ కాదు, చదువు మీద శ్రద్ధ లేకపోవడమూ కాదు. మన కంటికి కుదురుగా కూర్చునే అక్షరం వాళ్ళ కంటికి కూర్చోదు, అంతే. ఒక పేరా చదవడానికి మనకి పట్టే టైముకి రెండింతలు పడుతుంది, రాయడానికి ఇంకా పడుతుంది, ఈలోగా గంట కొట్టేస్తారు. నోటితో అడిగితే గడగడా చెప్పే పిల్లలు కాగితం ముందు పెట్టగానే బిక్కచచ్చిపోతారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనం వాళ్ళకి పెట్టిన పేరు మొద్దు. ఆ మాట ఈ గోడలు చాలా విన్నాయి. తర్వాత డాక్టరు పరీక్ష చేసి కాగితమిస్తే అదనపు సమయం ఇవ్వచ్చు, ప్రశ్నపత్రం చదివిపెట్టే మనిషిని ఇవ్వచ్చు, చెప్పింది రాసిపెట్టే మనిషిని ఇవ్వచ్చు అన్నారు. వాళ్ళు జవాబులు పైకి చెప్పాలి కదా, పెద్ద హాల్లో కుదరదు కదా, అలా వచ్చింది ఆ గది.

చదివిపెట్టడమంటే ఏముంది, నోరుంటే చాలనుకున్నాం అందరం. మొదట ఆ పని మన తెలుగు మాస్టారికి ఇచ్చారు. అదిగో, ముందు వరుసలో తల దించుకుని కూర్చున్నారు. (నవ్వులు) ఆయన గొంతు సంగతి మీకు చెప్పాలా? హాజరుపట్టీ చదివినా పద్యంలా ఉంటుంది. ఆయన ఆ అర్ధసంవత్సర పరీక్షల్లో నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలు చదివారు. తప్పు జవాబు వచ్చినప్పుడు గిట్టనివాళ్ళ పేరెత్తినట్టు గబుక్కున చదివేసి, సరైన జవాబు దగ్గరకి వచ్చేసరికి ఆప్యాయంగా సాగదీసి, చివర్లో చిన్న చిరునవ్వు కూడా నవ్వారట. ఆ పరీక్షలో ఆ గది పిల్లలందరికీ ఆ ప్రశ్నల్లో నూటికి నూరు! (నవ్వులు, చప్పట్లు) ఆయన కావాలని చేయలేదండీ. ఇది మా పనిలో మాత్రమే జరిగే పొరపాటు. పిల్లల మీద ప్రేమున్నవాళ్ళే చేసే పొరపాటు.

దాంతో ఈ పని నా మెడకి చుట్టారు. నా గొంతులో ప్రేమ వినపడే ప్రమాదం లేదనుకున్నారో ఏమో. (నవ్వులు) గొంతు ఎక్కడా ఎత్తకూడదు, దించకూడదు. ముఖం గోడలా ఉండాలి. పిల్ల తప్పు చెప్పినా కనుబొమ్మ కదలకూడదు, ఒప్పు చెప్పినా అంతే. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకరోజు మావారు చేతులెత్తి దణ్ణం పెట్టి, "భోజనం ఇప్పుడు పెట్టనా, కాసేపాగి పెట్టనా అని నువ్వడుగుతుంటే ఏది ఒప్పో తెలియక నాకు ఆకలి చచ్చిపోతోందే" అన్నారు. (నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, అది కష్టం. ఎదురుగా ఒక పిల్ల కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడుచుకుని, లోపలెక్కడో ఉన్న జవాబుని ఒక్కో మాటా లాక్కుంటూ బయటికి తెస్తుంటే, సరిగ్గా చివరికి వచ్చేసరికి "అదీ, అలాగ!" అని ఒక్క మాట అనడానికి లేదు. ఆ మాట నా గొంతు దాకా వచ్చి ఎన్నిసార్లు ఆగిపోయిందో.

ఇక అసలు సంగతి. ఈ కథ చెబుతానని అధ్యక్షురాలు గారితో పొద్దున్నే అన్నాను. "చెప్పండి టీచర్, మరీ ఏడిపించకండి" అన్నారు. ఎందుకు చెబుతున్నానో మాత్రం నేను చెప్పలేదు.

ఆ గదికి బోర్డు పరీక్షల్లో అనుమతి వచ్చిన మొదటి ఏడు. ఇదంతా దొడ్డిదారి వ్యవహారమని ఊళ్ళో సగంమంది, స్టాఫ్ రూములో సగంమంది అనుకుంటున్న రోజులు. ఆ ఏడు మా గదిలో పదో తరగతి రాసింది దర్జీగారి అమ్మాయి. చిన్నప్పటి నుంచి కుట్టుమిషను పక్కనే పెరిగిన పిల్ల. నాన్న జేబు కుడుతున్నాడో, కాలరు కుడుతున్నాడో గోడ అవతల నుంచి విని చెప్పేది. కంటికి లొంగని చదువుని చెవితో పట్టుకున్న పిల్ల అది. ఆ అమ్మాయి ఇవాళ సెలవు పెట్టుకుని వచ్చి రెండో వరుసలో కూర్చుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. లే తల్లీ, ఒకసారి కనపడు. (చప్పట్లు) కూర్చో, కూర్చో. ఇంకా ఉంది నీ కథ.

రాసిపెట్టేవాళ్ళు పరీక్ష రాసేవాళ్ళ కంటే కింది తరగతి వాళ్ళై ఉండాలని నిబంధన. జవాబులు తెలియకూడదని. అందుకని తొమ్మిదో తరగతిలో ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న పిల్లని ఏరికోరి తెచ్చాం. ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఆ పిల్ల వాళ్ళన్నయ్య పుస్తకాలు తీసుకుని పదో తరగతి చదువంతా అప్పటికే నమిలి మింగేసింది. ఆ పిల్ల ఎవరనుకున్నారు? ఇదిగో, అధ్యక్షస్థానంలో కూర్చుని, ఇప్పుడు మంచినీళ్ళు తాగుతున్నారు. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

సైన్సు పరీక్ష. ఉప్పునీటి నుంచి ఉప్పుని ఎలా వేరుచేస్తారు, కారణం చెప్పండి అని ప్రశ్న. నేను చదివాను. దర్జీగారి అమ్మాయి ఆలోచించి, "పలచటి గుడ్డలో వడగట్టాలి" అంది. దర్జీ కూతురు కదా, ఏ చిక్కొచ్చినా ముందు గుడ్డే గుర్తొస్తుంది. నా ముఖం గోడ. రాసిపెట్టే పిల్ల రాసింది. రాస్తూనే ఉంది. సైకిళ్ళ షెడ్డులో కూడా ఎవరూ లేరు, ఆ గదిలో పెన్ను కాగితం మీద నడిచే చప్పుడు తప్ప ఏమీ లేదు.

దర్జీగారి అమ్మాయి ఉన్నట్టుండి తలెత్తింది. "ఏం రాశావు?"

"నువ్వు చెప్పిందే అక్కా."

"నేను చెప్పింది ఒక్క ముక్క. నీ పెన్ను అంతసేపు నడిచిందేం?"

రాసిపెట్టే పిల్ల ముఖం పాలిపోయింది. దర్జీగారి అమ్మాయి నా వైపు తిరిగి, "టీచర్, రాసింది చదివి వినిపించండి" అంది. అలా అడిగే హక్కుంది. తీసుకుని చదివాను. నీటిని వేడిచేస్తే ఆవిరైపోతుంది, ఉప్పు ఆవిరి కాదు కాబట్టి అడుగున మిగిలిపోతుంది. ఉదాహరణతో సహా రాసింది మహాతల్లి! (నవ్వులు) నా గొంతు ఎక్కడా ఎత్తలేదు, దించలేదు.

"అది నేను చెప్పలేదు. కొట్టెయ్యి" అంది.

రాసిపెట్టే పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, వడగడితే ఉప్పు రాదక్కా, నీళ్ళతోపాటే కారిపోతుంది. ఇదే రైటు. నాకు చెయ్యి ఆగలేదు. ఉండనివ్వక్కా, ప్లీజ్."

దర్జీగారి అమ్మాయికి సైన్సు గండమని నాకు తెలుసు. ఒక్కో మార్కూ ఒక్కో మెట్టని తెలుసు. నేను ఏ మాటన్నా అది సాయమే అవుతుంది, కాబట్టి ఏమీ అనకూడదు. దర్జీగారి అమ్మాయి నెమ్మదిగా అంది: "రైటని ఇప్పుడు నాకూ తెలిసింది. నువ్వు చెబితే తెలిసింది. అది కొట్టేసి నేను చెప్పిందే రాయి."

కొట్టేసింది. ఏడుస్తూ, "పలచటి గుడ్డలో వడగట్టాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని పరిశీలకుడు లోపలికి వచ్చాడు. ఆ గదిలో ఏదో ఒక తప్పు పట్టుకుని మూయించాలని పొద్దుట్నుంచీ తిరుగుతున్న పెద్దమనిషి. ఆయనకి కనపడిందేమిటి? ఏడుస్తున్న పిల్ల, కొట్టేసిన జవాబు. "ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు. నేను లేచి నోరు తెరిచేలోపే దర్జీగారి అమ్మాయి చెప్పేసింది. "తను నాకంటే బాగా చదువుతుంది సర్. చెయ్యి ఆగక తన జవాబు రాసేసింది. నేను విని కొట్టేయించాను. ఇప్పుడున్నది నాదే."

అయిపోయింది అనుకున్నాను. ఆ పిల్ల పరీక్షా పోయింది, ఆ గదీ పోయింది, ఇక మళ్ళీ ఎవరికీ రాదు. ఆయన కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కొట్టేసినదీ చదివాడు, ఉంచినదీ చదివాడు. మళ్ళీ చదివాడు. వెనక్కి వచ్చి బల్ల మీద పెట్టి, "నా సర్వీసులో కాపీరాయుళ్ళని చాలామందిని పట్టుకున్నానమ్మా. రైటు జవాబు కొట్టేసి తప్పు జవాబు ఉంచుకునేవాళ్ళని ఇదే చూడటం" అన్నాడు. సంతకం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఆ గదికి అనుమతి మేం అడక్కుండానే వచ్చింది. (చప్పట్లు)

ఆగండాగండి. సినిమా అయితే ఆ పిల్ల ఫస్టు క్లాసులో పాసై ఉండాలి. సైన్సు పోయింది. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందో లేదో నాకు తెలీదు గానీ, పోయింది. దర్జీగారు బడికొచ్చి నా ముందు నిలబడి, "ఆ జవాబు ఉండనిచ్చుంటే సరిపోయేది కదా టీచరమ్మా" అన్నారు. ఆయన బాధ ఆయనది. నేనేం చెప్పాలా అని చూస్తుంటే ఆ పిల్లే అంది: "నాన్నా, ఇంకొకళ్ళ కొలతలు తీసుకుని నాకు చొక్కా కుడతావా?" ఆయన పిల్ల భుజమ్మీద చెయ్యేసి తీసుకెళ్ళిపోయారు.

మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు రాసిపెట్టడానికి వేరే పిల్లని తెస్తామంటే ఒప్పుకోలేదు. "ఆ అమ్మాయే కావాలి టీచర్. తను ఇంక జన్మలో నా మాట మార్చదు" అంది. (నవ్వులు) నిజమే. ఆ రెండోసారి రాసిపెట్టే పిల్ల ప్రతి వాక్యం అయ్యాక పెన్ను ఎత్తి, "చదవమంటావా అక్కా?" అని అడుగుతుంటే నాకు విసుగొచ్చింది, గోడకి కూడా విసుగొస్తుందని ఆ రోజే తెలిసింది. పాసైంది. ఆ రోజు ఇంటికెళ్ళి నేను ఏడ్చాను. ఎందుకో మావారు అడిగితే ఉల్లిపాయలన్నాను. ఆ పూట వంట ఆయన చేశారు. (నవ్వులు)

(విరామం)

ఇప్పుడు, మేడమ్, ఎందుకు చెప్పానో చెబుతాను.

పోయిన వారం మీరు ఒక ఉత్తర్వు వేశారు. పిల్లలు పెరిగారు, గదులు పెరగలేదు, కంప్యూటర్లు వస్తున్నాయి, వాటికి దుమ్మూ ధూళీ లేని చోటు కావాలి. మెట్ల పక్క గది వాటికి ఇచ్చారు. అదనపు సమయం పిల్లలు ఈసారి పెద్ద హాల్లోనే వెనక వరుసలో కూర్చుంటారు, చదివిపెట్టేవాళ్ళు మెల్లగా చెవిలో చదువుతారు. మీ ఇబ్బంది నాకు తెలీదని కాదు. ప్రతి సోమవారం ఇంకో రెండు గదులు ఇప్పించమని మీరు పైవాళ్ళకి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. మీ కుర్చీలో నేనుంటే నేనూ అదే చేసేదాన్నేమో.

కానీ ఉత్తర్వు అంటించిన మర్నాడు ఈ ఏడు పదో తరగతి రాసే అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చింది. ఎవరో చెప్పను. అటూ ఇటూ చూడకండి, ముందుకే చూడండి అందరూ. ఆ అమ్మాయి నాతో మాట్లాడటానికే ఏడాది పట్టింది. ఇప్పుడు మేమిద్దరమే ఉంటే ఏ ప్రశ్న వేసినా చెబుతుంది, అడగని వాటికి కూడా చెబుతుంది. ఆ అమ్మాయి అంది కదా, "టీచర్, అంతమంది వెనక కూర్చుని నేను జవాబు పైకి చెప్పలేను. ముందు బెంచీల వాళ్ళు తిరిగి చూస్తారు. ఒకళ్ళు నవ్వినా నాకు నోరు పెగలదు. నేనసలు పరీక్షకే రాను." బెదిరించడానికి అన్న మాట కాదది. ఆ పిల్ల రాదు. నాకు తెలుసు.

ఆ పిల్లకి నేను ధైర్యం చెప్పలేదండీ. ధైర్యం చెప్పడం తేలిక, ఆ వెనక వరుసలో కూర్చునేది మనం కాదు కాబట్టి. మెల్లగా చెవిలో చదివితే వాళ్ళకి సగం వినపడదు. మెల్లగా చెబితే రాసేవాళ్ళకి సగం వినపడదు. మూడొందల పెన్నుల మధ్య తన పెన్ను చప్పుడు ఎవరికి వినపడుతుంది? తను చెప్పిందే రాస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది? మీకన్నా ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళు ఈ సభలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ రెండో వరుసలో కూర్చుంది. నాకు రేపటి నుంచి ఈ బడిలో అడిగే హక్కు లేదు. ఇవాళ ఇంకా ఉంది కాబట్టి అడుగుతున్నాను.

(అధ్యక్షురాలు కుర్చీలోంచే ఏదో అన్నారు.)

నాకు వినపడింది మేడమ్. వెనకవాళ్ళకి వినపడాలి. మైకులో చెప్పండి. (నవ్వులు)

(అధ్యక్షురాలు మైకు అందుకుని: "మెట్ల పక్క గది కంప్యూటర్లకి ఇచ్చేశాను టీచర్, ఆ మాట వెనక్కి తీసుకోలేను. పరీక్షలయ్యేదాకా నా గది వాళ్ళకిస్తాను. నేను స్టాఫ్ రూములో సర్దుకుంటాను." చాలాసేపు చప్పట్లు.)

లెక్కల మాస్టారూ, విన్నారా? ఆవిడకి నా కుర్చీ ఇవ్వండి, మీది కాదు. (నవ్వులు) మేడమ్, మీ గదిలో ఫ్యాను కటకటమంటుంది, ముందు అది బాగు చేయించండి. మిగతావన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇంత పెద్దదైందని ఈ క్షణం దాకా నాకు తట్టలేదు. చాలా సంతోషంగా ఉంది. ఇది ముఖం గోడలా పెట్టి చెప్పే మాట కాదు, చూస్తున్నారుగా.

ఈ సభ ఏర్పాటు చేసినవాళ్ళకి, కుర్చీలు మోసినవాళ్ళకి, నా మాటలు ఇంతసేపు ఓపికపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక ఒక్క ప్రశ్న అడిగి దిగిపోతాను. అది ఇందాక ఎవరో చెప్పనన్న ఆ అమ్మాయికి. లేవక్కర్లేదు తల్లీ, చెయ్యి ఎత్తక్కర్లేదు. నీకు మైకు కూడా అక్కర్లేదు. పరీక్ష రాస్తావా? తల ఊపితే చాలు. తొందరేమీ లేదు, నీ టైము తీసుకో.

(విరామం)

ఊపింది. నేను చూశాను. మీరెవరూ వెనక్కి తిరగకండి.

సెలవు.